కోరం

మా అత్త పెంచలమ్మ పోయి మూడేళ్ళు.
పోయిన ఏప్రిల్లో గ్రామసభకొచ్చి
వేలిముద్ర వేసి పోయింది.

కాగితం నా కళ్ళతో చూశా.
పేరు పక్కన నీలంగా ఎవరిదో బొటనవేలు, నున్నంగా.
అత్తదైతే అడ్డంగా గాటుండాల.
పొగాకు కర్రకి ఆకు అల్లీ అల్లీ
పురికొస తెగ్గోసిన గాటు.
ఆఖరి నాలుగు నెలలూ
ఆ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి నడిపించింది నేనే,
నాకు తెలవదా?

"హాజరు నూట పన్నెండు మంది.
మంచినీళ్ళ ప్లాంటు మరమ్మతుకు
రెండు లక్షల నలభై వేలు
ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

ప్లాంటు తలుపుకి తాళం.
తాళం బొక్కలో కందిరీగల గూడు.
మా పళ్ళ మీద పసుప్పచ్చ గీతలు,
నలభై ఏళ్ళకే మోకాళ్ళు పట్టుకుని లేచే మనుషులు.
పొదిలి నుంచొచ్చే ట్యాంకరు కోసం
బిందెలు ఎండలో వరస కట్టి నిలబడతయ్,
మాకన్నా ఓపిగ్గా.

కాగితం అంత తేలిగ్గా రాలేదు.
డిగ్రీ చదివే కీర్తన చెప్పింది:
"తెల్లకాగితం మీద అడుగు పిన్నీ,
ఇచ్చినట్టు రసీదు కూడా అడుగు."
రసీదన్న మాట వినంగానే
సెక్రటరీ మొహం
బస్సులో ముడుచుకు కూచున్న చొక్కాలాగా అయింది.
ముప్పై రోజులన్నారు. నలభై ఆరు పట్టింది.
ఆ నలభై ఆరు రోజులూ నేను జాకెట్లు కుట్టా,
కుట్టించుకోను వచ్చిన ప్రతిదానికీ ఈ సంగతి చెప్పా.

"మనకెందుకే?" అంది మాలకొండమ్మ.
కాగితం రాంగానే పేర్లు చదివి వినిపించా.
పన్నెండోది ఆమెదే.
"ఆ నెల నేను గుంటూరులో మిరగాయలు కోస్తన్నా కదంటే!"
బెంగుళూరు బేల్దారి పనికి పోయిన ఆమె కొడుకు పేరు ఇరవయ్యోది.
ముందు నవ్వింది.
తర్వాత నవ్వలేదు.
చచ్చినోళ్ళు వస్తన్నారు సభకి,
ఊళ్ళో లేనోళ్ళు వస్తన్నారు,
వీధి చివరనుండే మనకే దారి తెలవలా.

అక్టోబరు సభ నోటీసు
పంచాయతీ ఆఫీసు తలుపుకి లోపలివైపు అంటించారు.
మస్తాను ఆటో మైకు మూడు వీధులూ తిరిగింది:
"ఎర్రగడ్డలమ్మా ఎర్రగడ్డలు, మూడు కిలోలు వంద,
బుధారం పదింటికి గ్రామసభ,
రేషన్ కార్డుండే వాళ్ళూ లేని వాళ్ళూ రాండమ్మా,
ఎర్రగడ్డలు..."

కుర్చీలు పదకొండు. మిగతా అందరికీ నేల.
పొగనారు పీకేవాళ్ళు చేతులకి మట్టితోనే వచ్చారు.
సర్పంచి కుర్చీలో సర్పంచి మొగుడు.
సర్పంచి సుభాషిణి గుమ్మం పక్కన నిలబడి ఉంది,
టీ గ్లాసులు లెక్కపెట్టుకుంటా.
"అబ్బాయా," అంది మాలకొండమ్మ,
"మేం ఓటేసింది ఆ పిల్లకి గదా."
ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు.
కుర్చీ కిర్రుమంది.
సుభాషిణి కూచుంది, అంచున,
బస్సులో ఎవరిదో సీట్లో కూచున్నట్టు.

"కోరం లేదు, వాయిదా" అన్నాడు సెక్రటరీ.
లెక్కపెట్టమన్నాం.
ఒకటి, రెండు, గట్టిగా, తల తలా తాకి.
నూట నలభై ఒకటి.
ఒకడు చంకలో బిడ్డని కూడా కలపమన్నాడు,
వద్దన్నాం. దొంగలెక్క మనకొద్దు.

అప్పుడు పాత జాబితాలో పేర్లు పిలవమన్నా.
"పెంచలమ్మ" అన్నాడు, తల ఎత్తకుండా.

లేచా. గొంతులో దారప్పోగు అడ్డం పడ్డట్టుంది.
"ఈసారి మా అత్త రాలేదు సార్.
నేనొచ్చా."

పుస్తకంలో మేం చెప్పింది రాయించాం.
రాసింది కీర్తన చదివింది, రెండుసార్లు.
రెండోసారికి ఒక మాట మారి ఉంటే
కొట్టేయించి మళ్ళీ రాయించాం.
ఆ తర్వాతే సంతకాలు.
సుభాషిణి సంతకం మెల్లంగా పెట్టింది, పూర్తి పేరుతో.

ఇంటికొచ్చి కుట్టిన తెల్ల లంగా మీద
నా బొటనవేలి సిరా అంటుకుంది. పోలేదు.
వాళ్ళకి నా డబ్బుతో కొత్త గుడ్డ కొనిచ్చా.

తాళం ఇంకా అట్నే ఉంది.
కందిరీగలు కూడా.
సోమవారం ఒంగోలు పోతన్నాం, కలెక్టరాఫీసుకి,
ఒక సీసాలో బోరునీళ్ళు, ఒక కవరులో ఆ నూట పన్నెండు పేర్లు.
తెల్లారి ఐదింటికి మస్తాను ఆటో.
ఎర్రగడ్డల బస్తాల మీద
ఇంకా ఇద్దరికి చోటుంది.